పుస్తకంలో లేని రెండు లైన్లు

పుస్తకం అచ్చు కాకముందు మాస్టారి కోపం వస్తువుల మీద ఉండేది. ప్రోగ్రాము నడవకపోతే కీబోర్డు ఎత్తి గోడకు కొట్టేవాడు. మౌసును తీగ పట్టుకుని బల్లకేసి బాదేవాడు. కాసేపటికి చల్లబడి, తనే చీపురు తెచ్చి ముక్కలు ఊడ్చుకునేవాడు. ఆయన శిక్షణ కేంద్రం కింద టైర్ల కొట్టు ఉండేది. పైన ధబీమని చప్పుడైతే కొట్టాయన తలైనా ఎత్తకుండా "మాస్టారికి ప్రోగ్రాము కుదరలేదు" అనేవాడు. పుస్తకం వచ్చాక ఆ కోపం మనుషుల మీదికి పాకింది. మనుషులు ఊడ్చి పారేసే ముక్కలు కారు కదా, అక్కడే వచ్చింది చిక్కు.

ఆయన రాసింది కథలూ కాదు, కవిత్వమూ కాదు. ఫ్యాక్టరీల్లో యంత్రాలను నడిపించే చిన్న కంప్యూటర్లు ఉంటాయి. వాటికి ప్రోగ్రాములు రాయడం నేర్పే పుస్తకం అది, ఇటుకరాయంత లావు. పగలంతా పాఠాలు చెప్పుకుంటూ, సెలవు రోజుల్లో తలుపేసుకుని, భార్యతో మాటపట్టింపులు పడుతూ ఏళ్ళ తరబడి రాశాడు. తీరా వచ్చాక ఊళ్ళో ఏ వర్క్‌షాపుకు వెళ్ళినా బల్ల మీద ఆ పుస్తకమే, గ్రీజు వేలిముద్రలతో. వెనక అట్ట మీద ఆయన ఫొటో, చేతులు కట్టుకుని, లోకాన్నంతా పరీక్షలో తప్పించేలా చూస్తూ. అలా "పుస్తకం మాస్టారు" అన్న పేరు స్థిరపడిపోయింది. ఆయన భార్య ఆసుపత్రిలో ప్రమాదాల వార్డు నర్సు. ఆ ఫొటో చూసి, "చేతులు కట్టుకుని మంచిపని చేశారు, విప్పితే ఎవరినో ఒకరిని కొట్టేలా ఉన్నారు" అంది. అప్పుడు ఆయన కూడా నవ్వాడు.

పుస్తకం రాసినవాడు ఇక కాళ్ళు బారజాపుకుని కూర్చుంటాడని అందరూ అనుకుంటారు. మాస్టారికి మాత్రం ఊపిరి సలిపేది కాదు. క్షవరం చేయించుకుంటుంటే ఫోను, స్నానాల గదిలో ఉంటే తలుపు అవతల ఫోను. "మీ పుస్తకంలో ఉన్నట్టే చేశానండీ, నడవడం లేదు." అవతలివాడి గొంతులో అప్పుడే కేసు గెలిచినంత ధీమా. పనులు మానుకుని వెళ్ళి చూస్తే, వాడు మధ్యలో సొంత తెలివి ఏదో ఇరికించి ఉండేవాడు.

"ఈ ముక్క ఎవరు పెట్టమన్నారు?"

"నేనే పెట్టానండీ. ఉంటే బాగుంటుంది కదా అని."

మాస్టారు పళ్ళు నూరుకుంటూ ఆ ముక్క పీకేస్తే యంత్రం బుద్ధిగా నడిచేది. థాంక్సు చెప్పినవాడు ఒక్కడూ లేడు.

ఒక్కసారి మాత్రం తప్పు పుస్తకానిదే అయింది. మొదటి ముద్రణలో ఒక ఉదాహరణలో ఒక లైను అచ్చులో ఎగిరిపోయింది. సీసాల్లో మందు నింపే ఫ్యాక్టరీలో ఒక మెకానిక్కు దాన్ని చూసి ప్రోగ్రాము రాసి, గది నిండా సీసాలు పగలగొట్టించి, ఉద్యోగం పోగొట్టుకున్నాడు. వాడు మెట్లెక్కి వచ్చి, నమస్కారం లేదు, పలకరింపు లేదు, తలతో మాస్టారి ముక్కు మీద గుద్దాడు. మాస్టారు వాడి జుట్టు దొరకబుచ్చుకున్నాడు. ఇద్దరూ మెట్ల మీద దొర్లుకుంటూ పోయి టైర్ల కొట్టు గుమ్మంలో పడ్డారు. విడదీసేసరికి మాస్టారి చొక్కా రక్తంతో తడిసిపోయింది, మెకానిక్కు దవడ పక్కకు జరిగింది. ఆయన అక్కడితో ఆగితే బాగుండేది. అదే చొక్కాతో అచ్చాఫీసుకు పోయి, యజమాని మెడ పట్టుకుని కాగితాలు కోసే కత్తి కిందికి వంచి, "నా లైను ఎవడు మింగాడు?" అని అడిగాడు. పనివాళ్ళంతా కలిసి లాగితే గానీ వదల్లేదు.

ఇంట్లో భార్య ఆయన ముక్కులో దూది కుక్కుతూ, "ఆ మెకానిక్కు దవడకు కూడా నేనే కట్టు కట్టొచ్చాను. ఇలాగైతే మా వార్డుకు మీరే పెద్ద దిక్కు" అంది.

"నీకు నవ్వులాటగా ఉందా?" అని చెయ్యెత్తాడు మాస్టారు.

ఆమె కదల్లేదు. చేతిలో దూది కత్తిరించే కత్తెర ఉంది. "దించండి" అంది. దించాడు. ఆ తర్వాత ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు. బయట మాత్రం ఎత్తుతూనే ఉన్నాడు, బయట ఆయనకు ఎదురు నిలిచేవాళ్ళు లేరు మరి.

రెండో ముద్రణకు ఆయన ఎవరినీ నమ్మలేదు. ప్రతి ఉదాహరణనూ తన చేత్తో కంప్యూటర్లో కొట్టి, నడిపించి చూసి, కళ్ళు లాగేసేదాకా అచ్చు దిద్దాడు. ఈసారి మచ్చ లేని పుస్తకం వచ్చింది. అప్పుడే క్లాసులో శాసనం పెట్టాడు. బల్ల మీద పుస్తకం తెరిచి పెట్టుకోవాలి. ఉన్నది ఉన్నట్టు కొట్టాలి. ఒక్క అక్షరం తగ్గకూడదు, ఒక్క అక్షరం పెరగకూడదు. దీనికి ఒక న్యాయం ఉంది, లేదనలేం. ఎవరి తెలివి వాళ్ళు కలుపుకుంటూ పోతే తప్పు ఎక్కడుందో వెతకలేక గురువుకు తల ప్రాణం తోకకొస్తుంది. కానీ న్యాయంగా మొదలైంది కాస్తా పరువు సంగతి అయిపోయింది. ఎవరైనా ఒక లైను కలిపితే పుస్తకాన్ని తిట్టినట్టు, పుస్తకాన్ని తిడితే తనను తిట్టినట్టు. ఆ పుస్తకం వెన్నుతోనే వేళ్ళ కణుపుల మీద కొట్టేవాడు. వచ్చేవాళ్ళు పసిపిల్లలా? ఉద్యోగాలు వెతుక్కునేవాళ్ళు, సంసారాలున్నవాళ్ళు. అయినా ఓర్చుకునేవాళ్ళు. ఆయన దగ్గర నేర్చుకున్నామంటే ఏ ఫ్యాక్టరీ అయినా తలుపు తీసేది.

ముందుమాటలో మాత్రం ఒక వాక్యం ఉంది. ఉదాహరణలు చిన్నగా, తేలిగ్గా ఉండటం కోసం కొన్ని జాగ్రత్తలు వదిలేశాననీ, నిజం యంత్రాల దగ్గర పాఠకులు వాటిని చేర్చుకోవాలనీ. ఇలాంటి పుస్తకాలు రాసేవాళ్ళందరూ రాసే వాక్యమే. అది రాసి చేతులు దులుపుకుంటారు. ముందుమాట చదివే నాథుడెవరో వాళ్ళకీ తెలియదు.

అలా ఉండగా ఒక బ్యాచ్‌లో సందేహం చేరాడు. అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ప్రతిదానికీ "ఒక సందేహం సార్" అంటాడని తోటివాళ్ళు పెట్టింది. మాస్టారి కంటే కొద్దిగా చిన్న, అంతే. అంతకుముందు స్విచ్చులూ బల్బులూ అమ్మే కొట్టులో కౌంటరు దగ్గర ఉండేవాడు. కొట్టు మూతపడింది. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. ఈ వయసులో పలక పట్టుకున్నట్టు వచ్చి ముందు బెంచీలో కూర్చున్నాడు. నోట్లో నాలుక లేని మనిషి. కాలు తొక్కినవాడికి కూడా తనే క్షమాపణ చెప్పుకునే రకం.

ఆ రోజు పాఠం ప్రెస్సు గురించి. ఇనుప రేకును అచ్చు మీద పెడితే పైనుంచి బరువైన దిమ్మ దిగి ఒక్క దెబ్బతో కావలసిన ఆకారంలోకి నొక్కేస్తుంది. మనిషి చెయ్యి దిమ్మ కింద పడకూడదని రెండు బటన్లు పెడతారు, ఒక్కో చేతికి ఒకటి. రెండూ నొక్కితేనే దిమ్మ దిగాలి. రెండు చేతులూ బటన్ల మీద ఉన్నప్పుడు దిమ్మ కింద పెట్టడానికి మూడో చెయ్యి ఎక్కడిది? పుస్తకంలో ఉదాహరణ అంతవరకే ఉంది. రెండు బటన్లూ నొక్కి ఉంటే దిమ్మను దించు, అంతే.

మాస్టారు బెంచీల మధ్య తిరుగుతూ సందేహం వెనక ఆగాడు. తెర మీద రెండు లైన్లు ఎక్కువ కనిపించాయి.

"ఏమిటివి?"

"ఒక సందేహం సార్. బటను ఒకటి లోపల ఇరుక్కుపోయి పైకి రాకపోతే? కొట్టులో ఉన్నప్పుడు ఇలాంటివి తిరిగి తెచ్చేవాళ్ళు. అప్పుడు ఒక చెయ్యి ఖాళీగా ఉన్నా, రెండో బటను నొక్కగానే దిమ్మ దిగిపోతుంది కదా. అందుకని ప్రతి దెబ్బ తర్వాతా రెండు బటన్లూ పైకొచ్చాయో లేదో చూసి, వస్తేనే మళ్ళీ దించమని రాశాను."

"పుస్తకంలో ఉందా?"

"లేదు సార్. కానీ..."

"నిజమే కదా" అని వెనక బెంచీలో ఎవరో గొణిగారు. అది చాలు ఆయనకు.

చెంప పగిలిన చప్పుడు కింద టైర్ల కొట్టు దాకా వినిపించింది. సందేహం కళ్ళజోడు ఎగిరి పక్క బెంచీ కింద పడింది. పన్ను గుచ్చుకుని పెదవి చీలింది. మనిషి కుర్చీతో సహా ఒరిగిపోయి, బల్ల పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"నా పుస్తకం దిద్దేంత మొనగాడివా? తుడువు" అన్నాడు మాస్టారు.

సందేహం కళ్ళజోడు కోసం కూడా వంగలేదు. తెరకు మొహం ఆనించి, వెతుక్కుంటూ వెతుక్కుంటూ రెండు లైన్లూ తుడిచేశాడు. కీబోర్డు మీద రక్తపు చుక్క పడితే చొక్కా అంచుతో అదీ తుడిచాడు. క్లాసులో ఒక్కరు నోరు మెదిపితే ఒట్టు. ఇక్కడ కూడా మాస్టారిని వెనకేసుకురావాలనుకునేవాళ్ళు ఉంటే, బిడ్డల తండ్రి అందరి ముందూ అలా తుడుచుకోవడం ఒకసారి కళ్ళ ముందు పెట్టుకోవాలి.

ఇంటికి నడుస్తుంటే, సందేహం అన్నది నిజమేనని మాస్టారికీ తట్టింది. తట్టకుండా ఎలా ఉంటుంది, ఆ విద్యలో పండిన మనిషి. మూడో ముద్రణలో చేర్చుదాంలే అనుకున్నాడు. ఆ మాట సందేహానికి మాత్రం చెప్పలేదు.

కోర్సు అయ్యాక సందేహానికి తలుపులకు బిగించే మడతబందులు తయారుచేసే ఫ్యాక్టరీలో పని దొరికింది. మాస్టారి శిష్యుడని తెలియగానే ఓనరు ఇంకేమీ అడగలేదు. పాత ప్రెస్సుకు కొత్త ప్రోగ్రాము కావలసి వస్తే, "పుస్తకంలో ఉన్నట్టు రాయి, కొత్త వేషాలు వెయ్యొద్దు" అన్నాడు. సందేహం అలాగే రాశాడు. ప్రెస్సు చక్కగా నడిచింది. గ్రీజూ ఇనుప రజనూ కలిసి ఎడమ బటను కింద గట్టిపడేదాకా నడిచింది.

ఆ సంగతి మాస్టారికి భార్య నోట తెలిసింది. ఆమె పొద్దుటి డ్యూటీ దిగి వచ్చి, మధ్యాహ్నం ఆయనకు వడ్డిస్తూ చెప్పింది. వార్డులో చూసినవన్నీ అన్నం దగ్గర చెప్పడం ఆమెకు అలవాటే.

"మడతబందుల ఫ్యాక్టరీ నుంచి ప్రెస్సు నడిపే కుర్రాణ్ణి తెచ్చారు. చూడలేకపోయాననుకోండి. ఎడమ చెయ్యి రేకు సర్దుతోందట, కుడి చెయ్యి అలవాటుగా బటను మీద పడిందట. దిమ్మ దిగిపోయింది. బొటనవేలొక్కటే వేలులా ఉంది. మిగతావి రేకుకు అతుక్కుపోతే రేకుతో సహా సంచీలో వేసుకుని తెచ్చారు. ఏం చేసుకోను నేను వాటిని? ఆ అబ్బాయి అరవడం లేదు, వాళ్ళక్క అరుస్తోంది."

మాస్టారి చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది.

"వెనకే ఇంకొకాయన్ని మోసుకొచ్చారు. ప్రోగ్రాము రాసినాయనట. ఆ అక్క అదే ఫ్యాక్టరీలో వెల్డరు, మగాళ్ళకంటే దిట్టంగా ఉంది మనిషి. తమ్ముణ్ణి బండి ఎక్కించి, ఇనుప కడ్డీ తీసుకుని ఈయన్ని గొడ్డును బాదినట్టు బాదింది. పక్కటెముకలు విరిగాయి. ఒక కన్ను మూసుకుపోయింది. కట్టు కడుతూ, ఇలాంటి ప్రోగ్రాము రాయమని ఎవరు నేర్పారయ్యా అని అడిగాను. చెప్పలేదు. చెంప తడుముకుంటూ గోడకేసి చూశాడు."

"కళ్ళజోడు మనిషా?"

"మొహం అంతా వాచిపోతే కళ్ళజోడు ఎక్కడ ఆనుతుంది. ఏం, తెలిసినవాడా?"

"తెలియదు" అన్నాడు మాస్టారు. భార్య ఆయన మొహంలోకి కాసేపు చూసి, కంచం తీసేసింది.

కొన్నాళ్ళకు ఫ్యాక్టరీ ఓనరు ఫోను చేశాడు.

"మాస్టారూ, మీరొకసారి రావాలి. పనివాళ్ళు యంత్రాలు ఆపేసి కూర్చున్నారు. తప్పెవరిదో తేలేదాకా ముట్టుకోం అంటున్నారు. నా మాట వినరు. పుస్తకం రాసినాయన వచ్చి చెబితే వింటామన్నారు. మీ పుస్తకంలో తప్పుండదని నాకు తెలుసు. మీ శిష్యుడే ఎక్కడో చెడగొట్టి ఉంటాడు. ఆ ముక్క మీ నోటితో అనేస్తే నా నెత్తి మీద బరువు దిగిపోతుంది."

"అంటే అతన్ని ఏం చేస్తారు?"

"నేనేం చేస్తాను. చెయ్యి పోయిన కుర్రాడి అక్క ఒట్టేసుకుని కూర్చుంది. తప్పు వాడిదని తేలితే వాడి చెయ్యి అదే ప్రెస్సు కింద పెడతానంటోంది. చూద్దాం లెండి, సర్దిచెబుదాం." ఆపుతానని మాత్రం ఆ పెద్దమనిషి అనలేదు.

ఇక మాస్టారి ముందు ఉన్నవి రెండే. తప్పు సందేహానిదంటే సందేహం చెయ్యి పోతుంది. కాదంటే పుస్తకం పోతుంది. పుస్తకం పోతే శిక్షణ కేంద్రం పోతుంది, ఊళ్ళో వర్క్‌షాపుల్లో ఉన్న గౌరవం పోతుంది, ఆ ఇటుకరాయి లేకపోతే తానెవరో ఆయనకే తెలియదు. బస్సులో కూర్చుని ముందుమాటలోని ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. చదివినకొద్దీ ధైర్యం వచ్చింది. స్పష్టంగా రాశాను కదా. చదవకపోవడం వాడి తప్పు. చెంపదెబ్బ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా పేజీ తిప్పేశాడు.

ఫ్యాక్టరీ అంటే పెద్ద రేకుల షెడ్డు. యంత్రాలు ఆగిపోయి ఉండటంతో లోపల పిచ్చుకల కిచకిచ వినిపిస్తోంది. ఒక మూల మడతబందులు కుప్పగా పోసి ఉన్నాయి. ప్రెస్సు చుట్టూ పనివాళ్ళు గుమిగూడారు. దాని పాదాల దగ్గర నెత్తురు మీద రంపపు పొట్టు చల్లారు, పొట్టు నల్లగా గడ్డకట్టి ఉంది. సందేహాన్ని స్టూలు మీద కూర్చోబెట్టారు. తలకు కట్టు, ఒంటి నిండా కమిలిన గుర్తులు. ఊపిరి పీల్చినప్పుడల్లా మొహం వంకర పోతోంది. అతని పక్కనే ఆ కుర్రాడి అక్క నిలబడి ఉంది. తోలు జాకెట్టు విప్పలేదు. చేతిలో బరువైన సుత్తి. షెడ్డులో ముసలివాళ్ళు కూడా ఆమెను అక్కా అనే పిలుస్తారట.

"చెప్పండి మాస్టారూ" అన్నాడు ఓనరు, పక్కకు జరిగి.

మాస్టారు పుస్తకం తెరిచాడు. పాఠం చెప్పే గొంతుతో ఆ వాక్యం చదివాడు. వదిలేసిన జాగ్రత్తలు, చేర్చుకోవలసిన బాధ్యత, పాఠకుడి వివేకం. బాగానే మాట్లాడాడు, కాదనలేం. కొందరు తలలూపారు.

"అంటే తప్పు ఇతనిదేనా సారూ?" అంది అక్క.

"నేను చెప్పేదేమిటంటే, పుస్తకంలో స్పష్టంగా..."

"నేను పుస్తకాన్ని అడగలేదు. మిమ్మల్ని అడిగాను."

మాస్టారు మళ్ళీ పుస్తకంలోకి తల దించాడు. అక్క ఇంకో క్షణం చూసింది. సందేహం చొక్కా పట్టుకుని స్టూలు మీంచి లేపింది. విరిగిన ఎముకలు కదిలి అతను కుక్కపిల్లలా కుయ్యిమన్నాడు. ఈడ్చుకుపోయి అతని కుడి చెయ్యి దిమ్మ కింద, అచ్చు మీద పెట్టి, మణికట్టు మీద తన మోచెయ్యి ఆనించింది. "కరెంటు వెయ్యండి" అంది. ఎవరో వేశారు. ప్రెస్సు లోపల మోటారు గుర్రుమంది. ఓనరు ఫోను తీసి అందులోకి చూడసాగాడు. ఫోర్‌మన్ నేలకేసి చూశాడు. అంతమంది మగాళ్ళలో ఒక్కడూ అడుగు ముందుకెయ్యలేదు, సిగ్గులేని జనం.

"ఆఖరుసారి అడుగుతున్నా, నువ్వే చెప్పు" అంది అక్క సందేహంతో. "బటను ఇరుక్కుపోతే దిమ్మ దిగిపోతుందని నీకు తెలుసా, తెలియదా? తెలిసి కూడా మా తమ్ముణ్ణి దీని ముందు నిలబెట్టావా?"

సందేహం తెరుచుకున్న ఒక్క కంటితో మాస్టారి వైపు చూశాడు. చూసి, చప్పున చూపు దించేసుకున్నాడు.

"తెలియదక్కా. నాకు తట్టలేదు. తప్పు నాదే. సార్ పుస్తకంలో తప్పేం లేదు."

మాస్టారు గట్టెక్కేశాడు. నోరు మూసుకుని నిలబడితే చాలు. కానీ ఆయన చెవిన పడింది తప్పు జవాబు. తప్పు జవాబు వింటే ఒళ్ళు మండటం ఆయనకు ఊపిరి తీసుకోవడంతో సమానం. మంచితనం పొంగుకొచ్చి అన్నాడని ఎవరూ అనుకోవద్దు, ఆ క్షణంలో ఆయనకు జాలి కూడా లేదు. ఒంటికాలి మీద లేచాడు, అంతే.

"తెలియదా? తట్టలేదని ఎవడు చెప్పమన్నాడు నిన్ను? నా క్లాసులో రాయలేదూ? బటన్లు పైకొచ్చాయో లేదో చూసే లైన్లు, రెండు, రాశావా లేదా? సరిగ్గా రాశావు. నేను చెంప పగలగొట్టి తుడువంటే తుడిచావు. ఇప్పుడు తట్టలేదంటావేమిటయ్యా, బుద్ధుందా నీకు?"

ఆ మాటలు రేకుల కప్పుకు తగిలి మళ్ళీ ఆయన చెవుల్లోనే పడ్డాయి. అప్పుడు గానీ తానేమన్నాడో ఆయనకు తెలిసి రాలేదు. ఓనరు ఫోను జేబులో పెట్టేశాడు. ఎవరో కరెంటు తీసేశారు.

అక్క సందేహం చెయ్యి వదిలేసింది. మెల్లగా నడిచి మాస్టారి ముందుకొచ్చింది.

"ఏ చేత్తో కొట్టావ్?"

మాస్టారి కుడి చెయ్యి దానంతటదే వీపు వెనక్కి పోయింది. పుస్తకం జారి రంపపు పొట్టులో పడింది. ఆమె ఆ చేతిని వెనకనుంచి లాగి, ఆయన్ని ప్రెస్సు దాకా ఈడ్చుకుపోయి, ఇనుప బల్ల అంచు మీద పరిచింది. ఆయన గింజుకున్నాడు. కాలితో తన్నాడు, ఆమె భుజం కొరికాడు. తోలు జాకెట్టు మీద పళ్ళు ఆనలేదు. సుత్తి లేచి దిగింది. పెళ్ళుమంది. ఆయన అరుపుకు పిచ్చుకలు లేచిపోయాయి. మళ్ళీ లేచి దిగింది. మూడోసారి దిగేటప్పుడు ఆమె కూడా ఏడుస్తోంది, తమ్ముడి పేరు పెట్టి పిలుస్తూ ఏడుస్తోంది. ఎముక పిండి అయిన చోట సుత్తి చప్పుడు కూడా రావడం లేదు. అప్పటికి ఎవరో వెనకనుంచి ఆమెను పొదివి పట్టుకున్నారు. ఆమె సుత్తి వదిలేసి, రెండు అరచేతులతో నోరు మూసుకుని షెడ్డు బయటికి వెళ్ళిపోయింది. జనమంతా ఆమె వెనకే వెళ్ళారు.

మాస్టారు ఆ నల్లటి పొట్టులోనే కూలబడి ఉన్నాడు. చెయ్యి ఒళ్ళో ఉంది గానీ తనదిలా లేదు. తప్పు చేశానని ఆయనకు అప్పుడు తెలిసింది, మాటల్లో కాదు, ఒళ్ళంతా. కొట్టినందుకు, తుడిపించినందుకు, ఆ సాయంత్రం దారిలో నిజం తట్టి కూడా మూడో ముద్రణ అనుకున్నందుకు. ఏడుపొచ్చింది. చిన్నపిల్లాడిలా బొరబొరా ఏడ్చాడు.

పక్కన అడుగుల చప్పుడైంది. సందేహం వచ్చాడు, పక్కటెముకలు చేత్తో అదిమి పట్టుకుని. షెడ్డులో మిగిలింది ఆ ఇద్దరే.

"లేవండి సార్. బయట బండి ఉంది" అన్నాడు.

అతను వంగలేక వంగాడు. మాస్టారు అతని భుజం అందుకుందామని మంచి చెయ్యి పైకెత్తాడు.

సందేహం రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

మాస్టారి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. "కొట్టడానికి కాదయ్యా" అందామనుకున్నాడు. ఆ చేతిని కిందికి దించాడు, చాలా నెమ్మదిగా, అతనికి కనబడేలా. నేల మీద ఆనించి, అరచెయ్యి పైకి తిప్పి పెట్టాడు. అయినా అతను మొహం మీది చేతులు తియ్యలేదు.